కిలోకి ₹30 నుంచి ₹103 దాకా: పచ్చళ్ల యూనిట్‌లో ఓవర్‌హెడ్ పంపకం, ప్రాజెక్టు డైరీ

రోజు 1

యూనిట్ గుంటూరు జిల్లాలో ఉంది. పచ్చళ్లు, పొడులు చేస్తారు. ఏడాదికి 1,20,000 కిలోలు బయటికి వెళ్తాయి. పేరు రాయడం లేదు. అంకెలు కూడా చదివేవాళ్లకి లెక్క అందేలా గుండ్రం చేసినవే.

సరుకులు ఐదు. క్యాటరింగ్ వాళ్లకి, హోటళ్లకి వెళ్లే ఆవకాయ 5 కిలోల బకెట్ (40,000 కిలోలు, అంటే 8,000 బకెట్లు). ఆవకాయ అరకిలో సీసా (60,000 సీసాలు). గోంగూర పావుకిలో సీసా (80,000). కంది పొడి 200 గ్రాముల ప్యాకెట్ (1,00,000). కరివేపాకు పొడి 100 గ్రాముల ప్యాకెట్ (ఇదీ 1,00,000).

ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్, అంటే అద్దె, కరెంటు, జీతాల లాగా ఏ ఒక్క సరుకుకీ నేరుగా చెందని ఖర్చు, ఏడాదికి ₹36,00,000. ఇప్పటిదాకా దాన్ని కిలోలతో భాగించారు, కిలోకి ₹30 వచ్చింది. ఆ ₹30 ఏ సరుకు మీదైనా ఒకటే.

తేల్చాల్సిన విషయం ఒక్కటే, బకెట్ ఆపేయాలా? బకెట్ ధర ₹900. మామిడికాయ, కారం, ఆవపిండి, నూనె, ఉప్పు, బకెట్, ముక్కలు కొట్టే కూలీ, ప్యాకింగ్ కూలీ అన్నీ కలిపి ₹760. దానికి ఓవర్‌హెడ్ 5 × 30 = ₹150 కలిపితే ₹910. బకెట్‌కి ₹10 నష్టం అని కాగితం చెబుతోంది. కూలీలకి పీస్ రేటు (చేసిన సరుకుని బట్టి కూలి) ఇస్తున్నారు కాబట్టి వాళ్ల డబ్బు నేరుగా సరుకు మీదే పడుతుంది, ఓవర్‌హెడ్‌లోకి రాదు.

అంతకుముందు ఒక ఏడాది నెలనెలా రేటు కట్టారు. అది ఇంకా ప్రమాదం. ఆవకాయ సీజన్లో నెలకి 20,000 కిలోలు దిగితే ₹3 లక్షల నెల ఓవర్‌హెడ్ కిలోకి ₹15 అవుతుంది. వానాకాలంలో 5,000 కిలోలే చేస్తే అదే ₹60. సరుకు మారలేదు, చేసే పద్ధతి మారలేదు, క్యాలెండర్ మారింది, అంతే. అందుకే ఈ పనిలో మొదటి నిర్ణయం: రేటు ఏడాదికి ఒకటి.

రోజు 2–4: పద్దులో ఏం ఉండాలి, ఏం ఉండకూడదు

పంచే ముందు పంచాల్సిన మొత్తం సరిగ్గా ఉండాలి. లెడ్జర్లో మొదట కనిపించింది ₹36 లక్షలు కాదు, అంతకంటే చాలా ఎక్కువ. తీసేసినవి ఇవి.

డెలివరీ వ్యాన్ డీజిల్, డిస్ట్రిబ్యూటర్ కమిషన్: ఇవి అమ్మకం ఖర్చులు. సరుకు తయారీ ఖర్చులోకి రావు. ధర వేసేటప్పుడు వేరే వరుసలో చూసుకోవాలి. ఆఫీసు గది అద్దె, బ్యాంకు అప్పు వడ్డీ కూడా బయటికే.

బూజు పట్టి పారబోసిన 600 కిలోల గోంగూర విలువని ఎవరో ఫ్యాక్టరీ ఖర్చుల్లో వేశారు. మామూలుగా పోయే తరుగు వేరు, ఇలాంటి అసాధారణ నష్టం వేరు. దీన్ని మిగతా సరుకు మీద రుద్దితే మంచి సీసా ధరలోకి పాడైన సీసా చేరుతుంది. నేరుగా లాభనష్టాల ఖాతాకి పంపాం. ఐసీఏఐ (చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ) వారి అకౌంటింగ్ స్టాండర్డ్ 2 చెప్పేదీ ఇదే.

గ్యాస్ బిల్లులు జీఎస్టీతో కలిపి రాసి ఉన్నాయి. ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుంటున్నప్పుడు, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకుంటున్నప్పుడు, అది ఖర్చు కాదు. పన్ను తీసేస్తే 19 కిలోల సిలిండర్ సగటున ₹1,800, ఏడాదికి 300 సిలిండర్లు, మొత్తం ₹5,40,000.

శుభ్రం చేశాక మిగిలిన పద్దు: అద్దె 7,20,000; కరెంటు 4,80,000; గ్యాస్ 5,40,000; సూపర్‌వైజర్లు, స్టోర్ కీపర్, నాణ్యత చూసేవాళ్ల జీతాలు 9,60,000; మెకానిక్ జీతం, స్పేర్లు 3,60,000; తరుగుదల (వాడకంతో ఏటా తగ్గే యంత్రాల విలువ) 3,00,000; శుభ్రత సామగ్రి, ల్యాబ్ పరీక్షలు, లైసెన్సు ఫీజు 2,40,000. కూడితే సరిగ్గా 36,00,000.

రోజు 5–8: టేపు, సబ్ మీటరు

ఖర్చు ఎక్కడ పోగవుతోందో చూడటానికి ఫ్యాక్టరీని ఏడు సెంటర్లుగా విడగొట్టాం: స్టోర్, కలుపు, ఊరబెట్టే గది, వేపుడు–మర, ప్యాకింగ్, నాణ్యత–శుభ్రత, మెయింటెనెన్స్. చివరిది మిగతావాటికి సేవ చేసే సెంటర్, దాని ఖర్చు తర్వాత వాటి మీదికి వెళ్లిపోతుంది.

అద్దె పంచడం తేలిక. టేపు పట్టి కొలిస్తే ఫ్యాక్టరీ భాగం 6,000 చదరపు అడుగులు వచ్చింది, అడుగుకి ఏడాదికి ₹120. నడిచే దారిని విడిగా పెట్టకుండా పక్కనున్న సెంటర్లకి సగం సగం వేయాలి. లేకపోతే కొంత అద్దె ఎవరికీ చెందకుండా మిగిలిపోతుంది.

కష్టం కరెంటు దగ్గర వచ్చింది. మొదట మోటార్ల మీద రాసిన హార్స్ పవర్‌ని 0.746తో గుణించి కిలోవాట్లు చేసి, నడిచిన గంటలతో గుణించారు. అలా చేస్తే వేపుడు–మర సెంటర్‌కి మొత్తంలో 62 శాతం పడింది. ఈ పద్ధతి తప్పు. పది హార్స్ పవర్ పల్వరైజర్ (పొడి కొట్టే యంత్రం) ఎప్పుడూ నిండు లోడు మీద నడవదు. దానికి విడిగా సబ్ మీటరు పెట్టి చూస్తే గంటకి 7.46 కాదు, 5 యూనిట్ల పైచిలుకే లాగుతోంది. ఖాళీగా తిరిగేటప్పుడు ఇంకా తక్కువ. మీటరు చూపిన వాటా 50 శాతం.

సబ్ మీటర్లు పెట్టేవాళ్లు చూసుకోవాల్సినవి రెండు. వారం రీడింగుని యాభై రెండుతో గుణించకండి. ఆ వారం ఆవకాయ సీజన్ అయితే ఏడాది మొత్తం ఆవకాయే చేసినట్టు లెక్క తేలుతుంది. యంత్రం గంటకి ఎన్ని యూనిట్లు లాగుతుందో తీసుకుని, లాగ్ బుక్కులో ఏడాది మొత్తం గంటలతో గుణించాలి. రెండోది, సబ్ మీటర్ల మొత్తం మెయిన్ మీటరుతో సరిపోవాలి. ఇక్కడ 4 శాతం తక్కువ వచ్చింది. వైరు వెంట వెళ్తే బోరు మోటారు సబ్ మీటర్లకి ముందే కలిపి ఉంది. దానికి వేరే మీటరు వేసి, నీళ్లు వాడే కలుపు, శుభ్రత సెంటర్లకి పంచాం.

బిల్లులో రెండు ముక్కలుంటాయి. ఫిక్స్‌డ్ ఛార్జి లోడుని బట్టి, ఎనర్జీ ఛార్జి వాడిన యూనిట్లని బట్టి. రెండింటినీ యూనిట్లతోనే పంచితే, అప్పుడప్పుడు నడిచే పెద్ద మోటారు తన వాటా తప్పించుకుంటుంది. ఫిక్స్‌డ్ ఛార్జిని కనెక్టెడ్ లోడు (బిగించిన మోటార్ల మొత్తం సామర్థ్యం) మీద పంచాలి. వేపుడు–మరకి వచ్చిన ₹2,40,000లో ఫిక్స్‌డ్ 48,000, ఎనర్జీ 1,92,000. ఈ విడదీత తర్వాత చాలా అవసరపడుతుంది.

రోజు 9–11: మొదటి పంపకం, మెయింటెనెన్స్ కరిగించడం

గ్యాస్ మొత్తం వేపుడు–మరకే. జీతాలు ఎవరు ఎక్కడ పనిచేస్తే అక్కడికి. తరుగుదల యంత్రాల రిజిస్టర్ ప్రకారం. మొదటి పంపకం అయ్యాక మెయింటెనెన్స్‌లో ₹4,14,000 పోగైంది.

దీన్ని యంత్రాల ఖరీదు మీద పంచుదామని ఒక సూచన వచ్చింది. కొత్త ఖరీదైన యంత్రం చెడిపోవడం తక్కువ, పాత చవక యంత్రమే మెకానిక్‌ని రోజంతా పట్టుకుంటుంది. అందుకని జాబ్ కార్డుల్లో (ఏ మరమ్మతుకి ఎంతసేపు పట్టిందో రాసే చీటీలు) గంటలు తీశాం. మొత్తం 2,070 గంటలు, గంటకి ₹200. వేపుడు–మరకి 960 గంటలు, ప్యాకింగ్‌కి 750, కలుపుకి 260, నాణ్యత–శుభ్రతకి 100. ప్యాకింగ్ గంటలు అంత ఎక్కువగా ఉండటానికి కారణం బ్యాండ్ సీలర్, ప్యాకెట్ల మూతి అంటించే యంత్రం. దాని టెఫ్లాన్ బెల్టు, హీటరు మాటిమాటికీ మార్చాల్సి వస్తోంది.

జాబ్ కార్డులు లేని యూనిట్‌లో ఏం చేయాలి? రెండు నెలలు రాయించాలి. గోడకి వేలాడదీసిన ఒక పలక చాలు: సెంటర్, మొదలైన టైం, ముగిసిన టైం. జ్ఞాపకం మీద ఆధారపడి "సగం టైం మర దగ్గరే" అని చెప్పిన వాటా ఒక్కచోట కూడా కార్డులతో సరిపోలేదు.

మెయింటెనెన్స్ కరిగాక ఆరు సెంటర్ల మొత్తాలు: స్టోర్ 3,60,000, కలుపు 4,00,000, ఊరబెట్టే గది 1,50,000, వేపుడు–మర 13,32,000, ప్యాకింగ్ 7,50,000, నాణ్యత–శుభ్రత 6,08,000. మళ్లీ కూడి చూశాం, 36,00,000. ప్రతి అడుగు తర్వాతా ఈ కూడిక చేయాల్సిందే. ఒక్క రూపాయి తేడా ఉన్నా ముందుకెళ్లకూడదు, ఎందుకంటే తర్వాతి మెట్టు మీద ఆ తేడాని వెతకడం పదింతల పని.

రోజు 12–18: దేన్నిబట్టి పంచాలి

ఇక్కడే ప్రాజెక్టు బరువంతా ఉంది. ఒక్కో సెంటర్ దగ్గర అడగాల్సింది: ఇక్కడ పని దేన్నిబట్టి పెరుగుతోంది? కిలోలనిబట్టి అయితే కిలోలే తీసుకోవచ్చు. ఆరింటిలో ఒక్కచోట కూడా కిలోలు ఒక్కటే జవాబు కాలేదు.

స్టోర్‌లో పని సరుకు దిగిన రసీదులనిబట్టి పెరుగుతుంది. పది టన్నుల మామిడికాయ దిగినా ఒక రసీదే, ముప్పై కిలోల కరివేపాకు దిగినా ఒక రసీదే. తూకం, చూడటం, రాయడం రెండింటికీ దాదాపు ఒకటే. ఏడాదికి 1,200 రసీదులు, ఒక్కోదానికి ₹300. బకెట్‌కి 110, ఆవకాయ సీసాకి 90, కందికి 200. పచ్చి ఆకు రోజూ రావాలి కాబట్టి గోంగూరకి 400, కరివేపాకుకి 400. ఒకే లారీలో రెండు సరుకులు వస్తే లారీని కాదు, రసీదులో వరుసలని లెక్కపెట్టాం.

కలుపుకి మిక్సర్ గంటలు: 2,000 గంటలు, గంటకి ₹200. బకెట్‌కి 800, సీసాకి 600, గోంగూరకి 600.

ఊరబెట్టే గది మీద చర్చ జరిగింది. నిల్వ ఖర్చు సరుకు విలువలోకి రాకూడదు కదా అని. గోడౌన్‌లో తయారైన పెట్టెలు ఉంచితే అది నిల్వ. ఆవకాయ ఊరడం నిల్వ కాదు, అది తయారీలో భాగం. తర్వాతి అడుగు వేసేముందు తప్పనిసరిగా ఉంచాల్సిన సరుకుకి ఆ ఖర్చు కలపొచ్చని స్టాండర్డే ఒప్పుకుంటుంది. బకెట్‌లోకి వెళ్లే ఆవకాయ 15 రోజులు గదిలో ఉండి, మిగతాది బకెట్‌లోనే ఊరుతుంది. సీసాకి వెళ్లేది నూనె పూర్తిగా పైకి తేలాలి, 30 రోజులు. 40,000 × 15, 30,000 × 30 కలిపితే 15 లక్షల కిలో–రోజులు. ఒక కిలోని ఒక రోజు ఊరబెడితే 10 పైసలు.

ప్యాకింగ్‌కి స్టాప్ వాచ్ పట్టాం. ఒక్కో సరుకుకి 30 సార్లు, వేర్వేరు రోజుల్లో, వేర్వేరు మనుషుల మీద. పొద్దున మొదటి గంట, భోజనం ముందు అరగంట కూడా ఉండాలి. చేయి తిరిగిన మనిషి మధ్యాహ్నం రెండింటికి చేసే వేగాన్ని సగటుగా తీసుకుంటే నెలాఖరుకి నిమిషాలు తక్కువ పడతాయి. లేబుల్ రోలు మార్చడం, సీసా అంచున నూనె తుడవడం కూడా ఆ టైంలోనివే. వచ్చినవి: బకెట్ 135 సెకన్లు, అరకిలో సీసా 60, పావుకిలో సీసా 54, కంది పొడి ప్యాకెట్ 30, కరివేపాకు పొడి ప్యాకెట్ 30.

చివరి రెండూ చూడండి. 200 గ్రాములకీ 30 సెకన్లే, 100 గ్రాములకీ 30 సెకన్లే. తూకం వేసే చెయ్యి, సీలరు బెల్టు గ్రాములు చూడవు. ఏడాదికి మొత్తం 2,50,000 నిమిషాలు, నిమిషానికి ₹3. పొడి ప్యాకెట్ కంది అయినా కరివేపాకు అయినా ₹1.50. కిలోకి వచ్చేసరికి కందికి ₹7.50, కరివేపాకుకి ₹15.

నాణ్యత–శుభ్రతకి బ్యాచ్‌లు. బకెట్ ఆవకాయ 400 కిలోల బ్యాచ్, ఏడాదికి 100. సీసా ఆవకాయ 75. గోంగూర 200. కంది 160. కరివేపాకు బ్యాచ్ సుమారు 44 కిలోలే, అందుకని 225. మొత్తం 760, బ్యాచ్‌కి ₹800.

రోజు 19–20: మర ఖాళీగా ఉన్న గంటలు ఎవరివి?

వేపుడు–మరలో ఈ ఏడాది నడిచినవి 3,660 గంటలు. 13,32,000ని దానితో భాగించి గంటకి ₹364 అని షీటులో వేసేశారు. ఆపాల్సి వచ్చింది.

రెండు లైన్లు, 300 రోజులు, రోజుకి 9 గంటలు చొప్పున 5,400. ముందే అనుకున్న మరమ్మతులు, వారాంతపు శుభ్రత తీస్తే 4,800. గత మూడేళ్ల సగటు కూడా అక్కడే ఉంది. ఈ ఏడాది ఒక పెద్ద పొడి ఆర్డర్ ఆగిపోవడంతో 1,140 గంటలు లైన్లు ఖాళీ. ఆ ఖాళీ ఖర్చుని ఉన్న కంది పొడి మీద, కరివేపాకు పొడి మీద వేస్తే వాటి ధర పెరుగుతుంది. ధర పెరిగితే అమ్మకం తగ్గుతుంది, వచ్చే ఏడాది ఖాళీ గంటలు ఇంకా పెరుగుతాయి. స్థిర ఖర్చుని సాధారణ సామర్థ్యం మీదే పంచాలని స్టాండర్డ్ 2 అనేది ఇందుకే.

స్థిర ఖర్చుని మాత్రమే. ఇక్కడ ఇంకో తప్పు దొర్లబోయింది: మొత్తం 13,32,000ని 4,800తో భాగించడం. మర ఆగి ఉంటే గ్యాస్ మండదు, యూనిట్లు తిరగవు. గ్యాస్ 5,40,000, ఎనర్జీ ఛార్జి 1,92,000 కలిపి 7,32,000. ఇది నడిచిన 3,660 గంటలదే, గంటకి ₹200. మిగిలిన స్థిర ఖర్చు 6,00,000. దీన్ని 4,800తో భాగిస్తే గంటకి ₹125. రేటు ₹325. ఖాళీ గంటల వాటా 1,140 × 125 = ₹1,42,500 ఏ సరుకు మీదా పడకుండా లాభనష్టాలకి వెళ్లింది. ఆ అంకె యజమాని బల్ల మీద విడిగా కనబడాలి, ఎందుకంటే దాన్ని తగ్గించగలిగేది ఆర్డర్ తెచ్చేవాళ్లే, మర నడిపేవాళ్లు కాదు.

గంటలు: గోంగూర వేపుడు 660, కంది 1,200, కరివేపాకు 1,800.

రోజు 21: ఫలితం

కిలోకి కొత్త ఓవర్‌హెడ్ (పాత లెక్కలో అన్నిటికీ ₹30):

బకెట్ ఆవకాయ: 3,87,000 ÷ 40,000 = ₹9.68
సీసా ఆవకాయ: 4,77,000 ÷ 30,000 = ₹15.90
గోంగూర: 8,30,500 ÷ 20,000 = ₹41.53
కంది పొడి: 7,28,000 ÷ 20,000 = ₹36.40
కరివేపాకు పొడి: 10,35,000 ÷ 10,000 = ₹103.50

సరుకుల మీద పడింది 34,57,500, ఖాళీ గంటలు 1,42,500. కూడితే 36,00,000.

రోజు 23: బకెట్

బకెట్‌కి ₹150 కాదు, సుమారు ₹48. 900లో 760, 48 తీస్తే ₹92 మిగులుతోంది. ఆపేద్దామనుకున్న సరుకు ఏడాదికి ₹7 లక్షలకి పైగా తెస్తోంది.

ఆపి ఉంటే ఏం జరిగేదో కూడా పాత పద్ధతిలోనే లెక్క వేసి చూపించాం. బకెట్ పోతే నిజంగా తగ్గే ఓవర్‌హెడ్ మహా అయితే ₹60,000: కొంత కరెంటు, కొంత శుభ్రత సామగ్రి. అద్దె తగ్గదు, సూపర్‌వైజర్ జీతం తగ్గదు. 35,40,000ని మిగిలిన 80,000 కిలోలతో భాగిస్తే కిలోకి ₹44.25. అప్పుడు ఇంకో సరుకు నష్టంలో కనబడేది, దాన్నీ ఆపమనేవాళ్లు. చాలా చిన్న ఫ్యాక్టరీలు బరువైన మామూలు సరుకుని వదిలేసి, చిన్న ప్యాకెట్ల వెంట పడి చితికిపోవడం ఈ దారినే.

రోజు 26: కరివేపాకు పొడి

డిస్ట్రిబ్యూటర్‌కి ధర ₹50. ఆకు, పప్పులు, ప్యాకెట్, కూలీ కలిపి ₹34. పాత లెక్కలో ఓవర్‌హెడ్ ₹3, మిగిలేది ₹13. కొత్తలో ఓవర్‌హెడ్ ₹10.35, మిగిలేది ₹5.65. కమిషన్, రవాణా ₹6 అవుతాయి. ప్యాకెట్‌కి 35 పైసలు చేతి నుంచి పడుతున్నాయి, లక్ష ప్యాకెట్లు అమ్మినందుకు.

రేటు ఎక్కడ పెరిగిందో సెంటర్లవారీగా విప్పితే మార్గం కనబడుతుంది. 10,35,000లో మర 5,85,000, శుభ్రత 1,80,000, ప్యాకింగ్ 1,50,000, స్టోర్ 1,20,000. వేపుడు గంటలు అంత ఎక్కువ కావడానికి కారణం పచ్చి ఆకులో నీరు. సిలిండర్లు ఆకుని వేపడానికి కాదు, తడి ఆర్చడానికి ఖర్చవుతున్నాయి. నీడలో ఆరబెట్టి, గాలి చొరని డబ్బాల్లో దాచి, రెండు బ్యాచ్‌లు ఒకటిగా చేయాలన్నది ప్రతిపాదన. ఆరబెట్టిన ఆకు తేమ ప్రతి డబ్బాకీ కొలవాలి, లేకపోతే పొడి గడ్డకడుతుంది. 200 గ్రాముల ప్యాకెట్ కూడా పెట్టి చూడాలి, సీలింగ్ ఖర్చు కిలోకి సగమవుతుంది.

ఇక్కడొక జాగ్రత్త. బ్యాచ్‌లు 225 నుంచి 112కి దిగితే 113 × 800 = ₹90,400 ఆదా అని షీటు చూపిస్తుంది. అది చేతికొచ్చే డబ్బు కాదు. ₹800లో ఎక్కువ భాగం నాణ్యత చూసేవాళ్ల జీతమే, వాళ్లు నెలకి అంతే తీసుకుంటారు. నిజంగా తగ్గేది సబ్బు, రసాయనాలు, ల్యాబ్ ఫీజులు: ₹35,000 లోపు. మిగతాది ఖాళీ అయిన టైం. ఆ టైంకి ఇంకో పని ఇస్తేనే దానికి విలువ. గ్యాస్ ఆదా మాత్రం మొదటి నెల బిల్లులోనే కనబడుతుంది, అందుకే ఆరబెట్టే పని ముందు మొదలుపెట్టమన్నాం.

రోజు 30: ట్యాలీలోకి ఎక్కించడం, మిగిలిన పనులు

ట్యాలీలో (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) ఏడు కాస్ట్ సెంటర్లు తెరిచాం. కరెంటు బిల్లు వోచర్ వేసేటప్పుడే సెంటర్లవారీగా విడగొట్టాలి. నెలాఖరున ఒకేసారి చేద్దామని వదిలేస్తే ఎవరూ చేయరు. రేట్లు ఏడాదికి స్థిరం. ఆరు నెలలకోసారి అసలు ఖర్చుతో పోల్చి, సిలిండర్ ధర లాంటిది బాగా మారితేనే సవరించాలి.

ఒకటి ఇంకా సరిగ్గా కుదరలేదు. కంది పొడి వరసగా మూడు బ్యాచ్‌లు నడిపితే మధ్యలో పూర్తి కడుగుడు ఉండదు. మూడింటికీ ₹800 చొప్పున వేయడం దానికి అన్యాయం. పల్లీలు పడిన పొడి తర్వాత పల్లీలు లేనిది చేయాలంటే మర విప్పి కడగాలి, దానికి ₹800 చాలదు. శుభ్రతని సరుకు మారిన సార్ల మీద, ల్యాబ్ పరీక్షలని బ్యాచ్‌ల మీద పంచాలి. అందుకు సరుకు మారిన ప్రతిసారీ లాగ్ బుక్కులో గీత గీసి టైం రాయమని మర దగ్గర చెప్పాం. రెండు నెలల గీతలు చేతికొచ్చాక ఈ ఒక్క సెంటర్‌ని రెండుగా విడగొట్టి రేట్లు మళ్లీ కట్టాలి.